యెవ్‌గేనీ జవోయ్‌స్కీ

ఐరోపా ఖండమున ప్రవహించు నదులలో వోల్గా మిక్కిలి పొడవైనది. రష్యా దేశమున ఆ నదీతీరమున కజాన్ అను ప్రాచీన నగరము కలదు. తాతారులును రష్యనులును కలసిమెలసి నివసించు ఆ నగరమున 1804వ సంవత్సరమున ఒక విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. యూక్లిడు చెప్పిన రేఖాగణితమునకు భిన్నమైన వేరొక రేఖాగణితమును నిర్మించిన లొబచేవ్‌స్కీ అచ్చటనే ఆచార్యుడుగా నుండెను. 1844లో క్లౌస్ అను రసాయన శాస్త్రజ్ఞుడు రుథీనియము అను మూలకమును అచ్చటనే కనుగొనెను. సరిగా నూరు సంవత్సరములు గడచిన పిమ్మట, 1944లో, ఆ విశ్వవిద్యాలయముననే మరియొక గొప్ప విషయము వెల్లడి యయ్యెను. స్ఫటికములలో దాగియున్న అత్యల్పమైన మాలిన్యమును సైతము పేరుపెట్టి పిలువగల సాధనము దానివలన లోకమునకు లభించెను. ఆ సాధనమును కనుగొన్నవాడు జవోయ్‌స్కీ.

యెవ్‌గేనీ జవోయ్‌స్కీ 1907వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మొగిలేవ్-పొడోల్‌స్కీ అను చిన్న పట్టణమున జన్మించెను. ఆ పట్టణము నేడు ఉక్రెయిన్ దేశములో నున్నది. తండ్రి సైన్యమున వైద్యుడు. బిడ్డ పసివాడుగా నుండగనే ఆ కుటుంబము కజానునకు తరలివచ్చెను. జవోయ్‌స్కీ బాల్యమున ఆ దేశము సుఖముగా లేదు. 1914లో మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభమయ్యెను. 1917లో విప్లవము సంభవించెను. దాని వెనువెంటనే అంతర్యుద్ధము చెలరేగెను. 1921లో వోల్గా ప్రాంతమున ఘోరమైన క్షామము వాటిల్లి లక్షల జనులను బలిగొనెను. ఆ కష్టదినములలోనే బాలుడు తండ్రిని కోల్పోయెను. ఆకలియు లేమియు ఎట్టివో ఆతడు గ్రంథములలో చదివి తెలిసికొనలేదు, అనుభవించియే తెలిసికొనెను.

ఆ కాలమున రేడియో ఒక క్రొత్త వింత. తీగ లేకయే మాట దూరదేశములకు పోవుట జనులకు ఇంద్రజాలమువలె తోచుచుండెను. జవోయ్‌స్కీ మనస్సు ఆ వింతపై లగ్నమయ్యెను. రేడియో పరికరములను స్వయముగా కూర్చుటయందును, వాని మర్మము నెరుగుటయందును ఆతనికి చిన్ననాటినుండియు మక్కువ యుండెను. 1926లో ఆతడు కజాన్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము చదువుటకు చేరెను. 1930లో పట్టము పొందెను. పిమ్మట కొంతకాలము లెనిన్‌గ్రాడు నగరమునకు పోయి, అచ్చటి రేడియో ప్రయోగశాలలో అతివేగముగ కంపించు విద్యుత్తరంగములను పుట్టించు విద్యను నేర్చెను. కజానునకు తిరిగివచ్చి, తాను చదివిన విశ్వవిద్యాలయముననే అధ్యాపకుడై పరిశోధన మారంభించెను.

ఆతడు చేపట్టిన ప్రశ్న వినుటకు సులభమైనది. రేడియో తరంగములు ఒక పదార్థముగుండ పోవునపుడు ఆ పదార్థము వానిని ఎంతవరకు పీల్చుకొనును? ఏ పదార్థము ఎక్కువగా పీల్చుకొనును, ఏది తక్కువగా పీల్చుకొనును? దానికి కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్నచో, తరంగముల శక్తిలో కలుగు అత్యల్పమైన తగ్గుదలను కొలువగల ఉపాయము కావలెను. అంతకుముందు ఇతరులు పదార్థము తరంగములను పీల్చుకొని ఎంత వేడెక్కినదో కొలుచుచుండిరి. ఆ వేడిమి మిక్కిలి స్వల్పము. కొలత మిక్కిలి కష్టము. జవోయ్‌స్కీ వేరొక మార్గమును త్రొక్కెను. తరంగములను పుట్టించు రేడియో వాల్వునకు చేర్చిన తీగచుట్టలోనే ఆతడు పదార్థము నుంచెను. పదార్థము ఏ మాత్రము శక్తిని గ్రహించినను, ఆ వాల్వులో ప్రవహించు సన్నని విద్యుత్తు మారును. బరువు మోయు బండిని చూడకయే, ఎడ్ల నడకను బట్టి బరువెంతయో ఊహించినట్లు, ఆతడు వాల్వు నడకను బట్టి పదార్థము చేయు పనిని తెలిసికొనుచుండెను. ఈ పద్ధతి పూర్వపు పద్ధతులకంటె ఎంతో సూక్ష్మమైనది. తరువాతి విజయమునకెల్ల ఇదియే పునాది.

ఇచ్చట అనునాదమనగా నేమో తెలిసికొనుట అవసరము. సమశ్రుతి చేసిన రెండు తంతులలో ఒకదానిని మీటినచో, రెండవది ముట్టకయే కదలును. దానిపై చిన్న కాగితపు ముక్క నుంచినచో అది ఎగిరిపడును. శ్రుతి ఏ మాత్రము తప్పినను తంతి కదలదు. దీనినే అనునాదమందురు. పరమాణువులలోను ఇట్టి తంతులు కలవు. ప్రతి ఎలక్ట్రానును ఒక చిట్టి అయస్కాంతము. పరమాణు కేంద్రకములలో అనేకములును అట్టివే. వీనిని ఒక పెద్ద అయస్కాంతపు ధ్రువముల నడుమ నుంచినచో, ఇవి వంగి తిరుగు బొంగరమువలె ఆ అయస్కాంత క్షేత్రము చుట్టును తిరుగును. క్షేత్రము బలమైనకొలది ఈ తిరుగుడు వేగమగును. సరిగా అదే వేగముతో కంపించు రేడియో తరంగమును ప్రసరింపజేసినచో, ఆ చిట్టి అయస్కాంతములు దాని శక్తిని గ్రహించి తలక్రిందులగును. వేగము కలియనిచో ఏమియు జరుగదు. దీనికే అయస్కాంత అనునాదమని పేరు.

1938లో అమెరికాలో రబీ అను శాస్త్రజ్ఞుడు, శూన్యములో ప్రవాహమువలె పోవు అణువులయందు కేంద్రకముల అనునాదమును చూపెను. కాని మనము చేతితో పట్టుకొనగల ఘనపదార్థములలోను ద్రవములలోను దానిని ఎవ్వరును చూచియుండలేదు. హాలెండు దేశీయుడైన గోర్టరు 1936లో ఒకమారు ప్రయత్నించి విఫలుడయ్యెను; 1942లో మరల ప్రయత్నించి మరల విఫలుడయ్యెను. ఆతడు సామాన్యుడు కాడు. ఆ విషయమున ప్రపంచమున అగ్రగణ్యుడు. అట్టివానికే సాధ్యము కానిదానిని రాజధానికి దూరమున నున్న ఒక విశ్వవిద్యాలయమున, పాత అయస్కాంతముతోను, స్వయముగా కూర్చిన పరికరములతోను సాధింపవలెనని జవోయ్‌స్కీ సంకల్పించెను.

ఆతనికి ఇద్దరు మిత్రులు తోడైరి. ఒకడు ఆల్ట్‌షూలరు, గణితముతో సిద్ధాంతమును నడుపువాడు. రెండవవాడు కోజిరెవ్, రసాయన శాస్త్రమున నేర్పరి. ముగ్గురును కలసి 1940లో పని ప్రారంభించిరి. 1941వ సంవత్సరపు వేసవి నాటికి కేంద్రకముల అనునాద చిహ్నము వారి పరికరమున కనబడెను. కాని అది ఒకనాడు కనబడును. మరునాడు అదే పదార్థముతో, అదే విధముగ ప్రయోగము చేసినను కనబడదు. కారణము అయస్కాంతములో నుండెను. దాని క్షేత్రము అంతటను సమానముగ లేదు. పదార్థములో ఒక మూలనున్న కేంద్రకములు ఒక శ్రుతిలోను, మరియొక మూలనున్నవి వేరొక శ్రుతిలోను నుండెను. అందుచేత వాని స్పందన చెదరిపోవుచుండెను.

ఇచ్చట జవోయ్‌స్కీ శీలము మనకు తెలియుచున్నది. చిహ్నము కనబడినది నిజము. దానిని వెంటనే ప్రకటించినచో కీర్తి వచ్చునేమో. కాని తలచినప్పుడెల్ల మరల చూపలేనిదానిని శాస్త్రజ్ఞులు సత్యమని యొప్పుకొనరు, ఒప్పుకొనరాదు. జవోయ్‌స్కీ దానిని ప్రకటింపలేదు. పరికరమును బాగుచేసి సందేహమునకు తావులేకుండ చేయవలసియుండెను. కాని అందులకు కాలము చాలలేదు. 1941 జూన్ 22వ తేదీన జర్మనీ సోవియట్ దేశముపై దండెత్తెను.

యుద్ధము ఆ చిన్న బృందమును చెల్లాచెదరు చేసెను. ఆల్ట్‌షూలరు సైన్యమున చేరి యుద్ధరంగమునకు పోయెను. శత్రువు మాస్కోను, లెనిన్‌గ్రాడును సమీపించుచుండుటచే, ఆ నగరములలోని పరిశోధన సంస్థలను తూర్పుననున్న కజానునకు తరలించిరి. విశ్వవిద్యాలయ భవనములు వారితో నిండిపోయెను. చదువుకొను గదులు నివాసములయ్యెను. జవోయ్‌స్కీ ప్రయోగశాలయు విడిచి యీయవలసివచ్చెను. ఎంతో శ్రమతో కూర్చిన పరికరములు విప్పివేయబడెను. కేంద్రకముల అనునాదమును మరల వెదకు అవకాశము ఆతనికి చేజారెను. నాలుగు సంవత్సరముల పిమ్మట, 1945 చివరను 1946 మొదటను, అమెరికాలో పర్సెల్ బృందమును బ్లాక్ బృందమును దానిని వేరువేరుగ సాధించిరి. వారిద్దరికిని 1952లో నోబెల్ బహుమతి లభించెను.

1943లో జవోయ్‌స్కీ తన పరిశోధనకు తిరిగివచ్చెను. ఈ మారు ఆతడు కేంద్రకములను వదలి ఎలక్ట్రానులపై దృష్టి నిలిపెను. దీనికి మంచి కారణములుండెను. ఎలక్ట్రాను అయస్కాంతబలము హైడ్రోజన్ కేంద్రకపు బలముకంటె సుమారు 660 రెట్లు అధికము. కావున దాని ప్రతిస్పందన బలముగ నుండును. దానికి గొప్ప అయస్కాంతమును అక్కరలేదు. పైగా ఘనపదార్థములలో ఎలక్ట్రానుల అనునాదము కొంత వెడల్పుగ నుండును గనుక, క్షేత్రము అంతటను సరిసమానముగ లేకున్నను అది చెదరిపోదు. పాత అయస్కాంతము చేసిన ద్రోహము ఇచ్చట పనిచేయదు. అయితే అన్ని పదార్థములలోని ఎలక్ట్రానులును ఇందులకు పనికిరావు. సాధారణముగ ఎలక్ట్రానులు రెండేసి జతగూడి, ఒకటి పైకిని ఒకటి క్రిందికిని తిరిగి, పరస్పరము బలమును హరించుకొనును. జతలేని ఎలక్ట్రాను కలిగిన పదార్థములు కావలెను. రాగి, మాంగనీసు మొదలగు లోహముల లవణములు అట్టివి. వీనిని పరాయస్కాంత పదార్థములందురు.

తిండికిని కట్టెలకును కటకటగా నున్న ఆ యుద్ధకాలమున జవోయ్‌స్కీ ప్రయోగములు సాగించెను. తీగచుట్టలో లవణమునుంచి, తరంగముల వేగమును మార్చకుండ, అయస్కాంత క్షేత్రమును కొద్దికొద్దిగ పెంచుచు పోయెను. ఒకానొక బలమువద్ద వాల్వులోని విద్యుత్తు చటుక్కున మారెను. క్షేత్రమును ఇంకను పెంచగా మరల పూర్వస్థితికి వచ్చెను. 1944వ సంవత్సరారంభమున ఎలక్ట్రానుల అనునాదము ఈ విధముగ మొదటిసారి మానవునికి గోచరించెను. ఒక ప్రయోగమున సెకనుకు 13 కోట్ల 30 లక్షల మారులు కంపించు తరంగములకు, రాగి క్లోరైడు లవణము సుమారు 47 గాస్‌ల క్షేత్రమువద్ద స్పందించెను. ఇది భూమికి సహజముగ నున్న అయస్కాంత బలమునకు ఇంచుమించు నూరు రెట్లు మాత్రమే.

కేంద్రకముల విషయమున కలిగిన అనుభవమును జవోయ్‌స్కీ మరువలేదు. తాను చూచినది భ్రమ కాదని ఆతడు పలువిధముల పరీక్షించెను. తరంగముల వేగమును పెంచినచో, స్పందన కలుగు క్షేత్రబలమును అదే నిష్పత్తిలో పెరుగవలెను; పెరిగెను. తరంగముల అయస్కాంత క్షేత్రము పెద్ద అయస్కాంతపు క్షేత్రమునకు లంబముగ నున్నపుడు స్పందన కలుగవలెను, సమాంతరముగ నున్నపుడు కలుగరాదు, అట్లే జరిగెను. ఒక లవణము గాక అనేక లవణములను, ద్రావణములను పరీక్షించెను. అటుపిమ్మటనే 1944 మే నెలలో తన పరిశోధనలను డాక్టరు పట్టమునకై సమర్పించెను.

అయినను మాస్కోలోని శాస్త్రజ్ఞులు తేలికగా నమ్మలేదు. అంతటి గోర్టరు చూడలేనిదానిని కజానులో ఒకడు చూచెనా అని వారి సందేహము. ఆ సందేహము న్యాయమైనదే. వాదముతో దానిని పోగొట్టుటకు జవోయ్‌స్కీ పూనుకొనలేదు. కపిత్సా మహాశయుని సంస్థలో షాల్నికవ్ అను శాస్త్రజ్ఞుని తోడ్పాటుతో, తన పరికరమును అచ్చట మరల కూర్చెను. కజాన్‌లోకంటె మంచి అయస్కాంతములు అచ్చట నుండెను. అనునాదము మరింత స్పష్టముగ కనబడెను. చూచిన తరువాత సందేహించువారు లేకపోయిరి. 1945 జనవరిలో మాస్కోలోని లెబెదెవ్ సంస్థలో పరీక్ష జరిగి ఆతనికి డాక్టరు పట్టము లభించెను. ఫ్రెంకెల్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు ఆ ప్రయోగములకు సిద్ధాంత రీత్యా వివరణము నొసగెను. ఆ యేడు జవోయ్‌స్కీ వ్యాసములు అచ్చయ్యెను. తరువాతి సంవత్సరము అమెరికాలోను, ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులోను ఇతరులు ఈ మార్గమున ముందుకు సాగిరి.

తాను నాటిన మొక్క పెరుగుచుండగా దాని నీడన కూర్చుండు భాగ్యము జవోయ్‌స్కీకి కలుగలేదు. 1947లో కుర్చాటవ్ పిలుపుపై ఆతడు మాస్కోకు పోయెను. అది దేశమంతటను అణుశక్తి పరిశోధనకై శాస్త్రజ్ఞులను సమీకరించుచున్న కాలము. ఆతనిని పటములలో పేరు కూడ కనబడని రహస్య నగరమునకు పంపిరి. అచ్చట ఆతడు 1951 వరకు ఉండెను. ప్రేలుడు సంభవించినపుడు పదార్థము ఎంత వేగముగ కదలునో అయస్కాంత క్షేత్రము సాహాయ్యమున కొలుచు పద్ధతిని కల్పించెను. తిరిగివచ్చిన పిమ్మట, అతి మందమైన వెలుగును పెంచి చూపు గొట్టములను రూపొందించెను. 1961 ప్రాంతమున, అత్యుష్ణమై విద్యున్మయమైన వాయువును తీవ్రమైన అలజడిచే ఇంకను వేడిచేయు విధమును సహచరులతో కలసి కనుగొనెను. ఇవి అన్నియు గొప్ప పనులే. కాని తాను కనుగొన్న అనునాదముపై పూర్వమువలె ఏకాగ్రముగ పనిచేయు అవకాశము ఆతనికి మరల రాలేదు.

ఇంతలో ఆ అనునాదము క్రొత్త రంగమున ప్రవేశించెను. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టెను. గాజు వాల్వులు చేయు పనిని చిన్న స్ఫటికపు ముక్క చేయసాగెను. ఈ స్ఫటికములు జెర్మేనియము, సిలికాన్ మొదలగు అర్ధవాహకములతో చేయబడును. శుద్ధమైన సిలికాన్ విద్యుత్తును అంతగా ప్రవహింపనీయదు. దానిలో భాస్వరము వంటి వేరొక మూలకమును రవంత కలిపినచో అది విద్యుత్తును చక్కగా ప్రవహింపజేయును. పాలలో తోడు వేసినట్లు ఈ కలుపు మిక్కిలి కొంచెము. 50 లక్షల సిలికాన్ పరమాణువులకు ఒక్క భాస్వర పరమాణువు చొప్పున ఉన్నను చాలును, స్ఫటికపు గుణము మారిపోవును. లోకమున మాలిన్యము సాధారణముగ దోషము. ఇచ్చట కొలత తప్పనిచో అదియే గుణము. కాని కొలత తప్పినను, కోరని మూలకము చేరినను, ఆ స్ఫటికము పనికిరాదు.

అట్లయినచో లక్షలలో ఒకటిగా నున్న ఆ పరమాణువును చూచుట ఎట్లు? సూక్ష్మదర్శినికి అది అందదు. రసాయన పరీక్షచే అందులో ఎంత మూలకమున్నదో తెలియవచ్చును గాని, అది స్ఫటికములో ఏ స్థానమున ఎట్లు కూర్చుండినదో తెలియదు. ఇచ్చటనే జవోయ్‌స్కీ చూపిన మార్గము అక్కరకు వచ్చెను. సిలికాన్ పరమాణువునకు పొరుగువారితో చేయి కలుపుటకు నాలుగు ఎలక్ట్రానులు కలవు. భాస్వరమునకు ఐదు. నాలుగు చేతులు నాలుగు దిక్కుల కలిసిన తరువాత ఐదవది జతలేక మిగులును. జతలేని ఎలక్ట్రాను అనగా చిట్టి అయస్కాంతము. అది అనునాదమునకు పలుకును. స్ఫటికమును ద్రవహీలియముతో అత్యంతము చల్లబరచినచో ఆ ఎలక్ట్రాను తన భాస్వరమును విడిచి పోజాలదు. అప్పుడు సెకనుకు 900 కోట్ల మారులు కంపించు తరంగములను ప్రసరింపజేసి, 3,000 గాస్‌లకు పైబడిన క్షేత్రమును మెల్లగ మార్చినచో, ఆ ఎలక్ట్రాను తన సంగతి చెప్పును.

1953, 1954 సంవత్సరములలో అమెరికాలోని శాస్త్రజ్ఞులు ఇట్టి ప్రయోగములు చేసిరి. భాస్వరము కలిపిన సిలికాన్‌లో ఒక్క స్పందనకు బదులు రెండు స్పందనలు కనబడెను. వాని నడుమ దూరము సుమారు 42 గాస్‌లు. కారణమేమనగా, భాస్వర కేంద్రకమును ఒక చిట్టి అయస్కాంతమే. అది రెండు విధముల నిలువగలదు. ఒక విధముగ నిలిచినపుడు ఎలక్ట్రానుపై క్షేత్రము కొంచెము పెరుగును. రెండవ విధముగ నిలిచినపుడు తగ్గును. అందుచే స్పందన రెండుగ చీలును. భాస్వరమునకు బదులు ఆర్సెనిక్ కలిపినచో దాని కేంద్రకము నాలుగు విధముల నిలువగలదు గనుక నాలుగు స్పందనలు కనబడును. ఆంటిమొనిలో రెండు రకముల కేంద్రకములు కలవు; ఒకదానివలన ఆరును, రెండవదానివలన ఎనిమిదియు, మొత్తము పదునాలుగు స్పందనలు కనబడును. పాదముల జాడను బట్టి పోయినది గుఱ్ఱమో ఎద్దో చెప్పినట్లు, ఈ గీతల లెక్కను బట్టి స్ఫటికములో దాగిన పరమాణువు ఏదియో చెప్పవచ్చును.

1956లో బెల్ ప్రయోగశాలలో జార్జి ఫెహెర్ ఒక అడుగు ముందుకు వేసెను. ఆతడు ఒకే స్ఫటికముపై రెండు విధముల తరంగములను ప్రయోగించెను. ఒకటి ఎలక్ట్రానునకు, మరియొకటి కేంద్రకమునకు. కేంద్రకము తలక్రిందులైనపుడు ఎలక్ట్రాను స్పందనలో కలుగు మార్పును గమనించెను. సిలికాన్ పరమాణువులలో నూటికి సుమారు ఐదింటి కేంద్రకములకు మాత్రమే అయస్కాంతబలము కలదు. అవి ఊరిలో అక్కడక్కడ నిలిపిన కావలివారివంటివి. ఆ ఐదవ ఎలక్ట్రాను తమ దగ్గర ఎంతమేరకు సంచరించుచున్నదో అవి తెలుపును. ఈ విధముగ ఆ ఎలక్ట్రాను భాస్వరమును అంటిపెట్టుకొని యుండక, చుట్టునున్న అనేక వందల పరమాణువుల మీదుగ మేఘమువలె వ్యాపించియుండునని ప్రయోగముచే రుజువయ్యెను. సిద్ధాంతము చెప్పినదానిని కొలచి చూచుటకు వీలు కలిగెను.

మరికొంతకాలమునకు వాట్కిన్స్, కోర్బెట్ అను శాస్త్రజ్ఞులు సిలికాన్‌ను వేగవంతములైన ఎలక్ట్రానులతో కొట్టి, స్ఫటికములో పరమాణువులు ఎగిరిపోయి ఖాళీలేర్పడు విధమును ఇదే పద్ధతిచే పరిశీలించిరి. ఆ ఖాళీలు కదలిపోయి ఒకచోట ప్రాణవాయువు పరమాణువుతోను, మరియొకచోట భాస్వరముతోను చేరి నిలుచుటను వారు గుర్తించిరి. ఇది వట్టి కుతూహలము కాదు. ఆకాశమున తిరుగు ఉపగ్రహములకు విద్యుత్తు నిచ్చు సిలికాన్ ఘటములు అచ్చటి వికిరణము తగిలి క్రమముగ క్షీణించును. ఆ రోగమునకు మూలము ఏమో తెలిసినగాని చికిత్స సాధ్యము కాదు గదా!

జవోయ్‌స్కీ గౌరవము పొందకపోలేదు. 1957లో ఆతనికి లెనిన్ బహుమతి లభించెను. 1964లో సోవియట్ విజ్ఞాన పరిషత్తులో పూర్ణసభ్యుడయ్యెను. నోబెల్ బహుమతి మాత్రము రాలేదు. కేంద్రకముల అనునాదమునకు బహుమతి వచ్చినది; అంతకుముందే వెల్లడియైన ఎలక్ట్రానుల అనునాదమునకు రాలేదు. 1976 అక్టోబరు 9వ తేదీన మాస్కోలో జవోయ్‌స్కీ మరణించెను. 1984లో కజాన్‌లోని భౌతిక సాంకేతిక సంస్థకు ఆతని పేరు పెట్టిరి. 1991 నుండి ఈ శాస్త్రమున కృషి చేసిన ప్రపంచ శాస్త్రజ్ఞులకు ఆతని పేరిట ఒక పురస్కారము నొసగుచున్నారు.

ఆతని మరణానంతరమును ఆ మార్గము ఆగలేదు. 1998లో ఆస్ట్రేలియాలో పనిచేయుచున్న కేన్ అను శాస్త్రజ్ఞుడు, సిలికాన్‌లోని ఒక్కొక్క భాస్వర పరమాణువును ఒక్కొక్క అంకెగా వాడి క్రొత్తరకపు గణనయంత్రమును నిర్మింపవచ్చునని సూచించెను. 2012లో అదే దేశమున, సిలికాన్‌లో పాతిన ఒకే ఒక భాస్వర పరమాణువు ఎలక్ట్రానును అనునాదముచే త్రిప్పి, దాని స్థితిని చదువగలిగిరి. కోట్లకొలది పరమాణువులు ఒక్కసారి పలికినగాని వినబడని స్వరము, నేడు ఒక్క పరమాణువు పలికినను వినబడుచున్నది.

విద్యార్థులారా! మీ ఇంటిలోని గడియారమునందును, గణనయంత్రమునందును, చేతిలోని టెలిఫోనునందును, ఇంటి కప్పుపై ఎండను విద్యుత్తుగ మార్చు పలకయందును సిలికాన్ స్ఫటికములు కలవు. వానిలో కొలిచి కలిపిన మాలిన్యమే వానికి ప్రాణము. ఆ మాలిన్యము స్ఫటికమున ఎట్లు నిలిచియున్నదో చూపు విద్యకు మూలము, యుద్ధకాలమున వోల్గా తీరమున ఒక తీగచుట్టలో నుంచిన చిటికెడు లవణము. జవోయ్‌స్కీ ఒక విషయమును ముందుగ చూచియు రుజువు చాలదని మౌనము వహించెను. మరియొక విషయమును చూచి, సందేహించువారి యెదుట మరల చూపి నిలబెట్టెను. మొదటిదానివలన కీర్తిని పోగొట్టుకొనెను. కాని అదే నియమమును పాటించుటవలననే, రెండవ విషయమున ఆతని మాటను త్రోసివేయుటకు ఎవ్వరికిని సాధ్యము కాలేదు.